మూడో గేరు పడని కారు

మోటారు మెకానిక్‌గా నలభై ఏళ్ళు పనిచేశాను. సోలాపూర్‌లో మన సాలెవాళ్ళ పేటలో, రెండు మరమగ్గాల షెడ్ల మధ్య ఇరుక్కుని నా షాపు ఉండేది. ఎన్ని బండ్లు బాగుచేశానో గుర్తులేదు. చెడగొట్టిన బండి మాత్రం ఒకటుంది, దాని సంగతి బోల్టు బోల్టుగా గుర్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఏమైనా రాసిపెట్టమని నలుగురూ అడిగితే నాకు ముందుగా తోచింది అదే.

బాగుచేసిన బండ్ల గొప్పలు ఎవరైనా చెప్తారు. దానివల్ల చెప్పేవాడు మీసం మెలేసుకోవడం తప్ప వినేవాడికి ఒరిగేదేమీ ఉండదు. ఇది ఎనభైల చివరి మాట. అప్పటికి నాకు ముప్పై ఐదేళ్ళు. నేను విప్పలేని ఇంజను ఈ జిల్లాలో లేదని నా నమ్మకం. విప్పలేనిది నిజంగానే లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

చెవి పని

మన పేటలో పుట్టినవాళ్ళకు మగ్గాల చప్పుడు చప్పుడుగా వినబడదు. పొద్దున షెడ్లు మొదలైతే గోడలు, గిన్నెలు, మంచాలు అన్నీ సన్నగా అదురుతూనే ఉంటాయి. ఆ అదురులోనే చంటిపిల్లలు నిద్రపోతారు, ఆడవాళ్ళు గడపల్లో కూర్చుని బీడీలు చుడతారు. అందరం కొంచెం గట్టిగా మాట్లాడతాం. బయటూరివాళ్ళు చూసి మేం పోట్లాడుకుంటున్నామనుకుంటారు.

మెకానిక్‌కు మాత్రం ఇది పెద్ద తిప్పలు. బండి రోగం సగం చెవికే తెలుస్తుంది. వాల్వు కొట్టుకుంటోందో బేరింగు ఏడుస్తోందో వినాలంటే చుట్టూ నిశ్శబ్దం కావాలి. అందుకని మేం వినే పనులన్నీ మగ్గాల సెలవు రోజుకు దాచుకునేవాళ్ళం. ఆగలేనంత తొందరైతే బండిని హోట్గి రోడ్డుకు తీసుకుపోయేవాళ్ళం. అప్పట్లో అక్కడ ఇన్ని కాలనీలు లేవు. ఊరి చప్పుడు వెనకబడి, చెవి విప్పుకున్నట్టయ్యేది.

ఉస్తాద్ మాటలు

నాకు పని నేర్పింది హసన్ ఉస్తాద్. పన్నెండేళ్ళు ఆయన కింద చేశాను. బండి వస్తే ఆయన వెంటనే లేచేవాడు కాదు. డ్రైవరుకు చాయ్ తెప్పించి, ఎప్పటి నుంచి, ఎక్కడ, ఇంజను వేడెక్కాకా ముందా, బరువుతోనా ఖాళీగానా అని ఒక్కొక్కటే అడిగేవాడు. చాయ్ అయ్యేసరికి రోగం సగం దొరికేది. మనిషిని అడగకుండా బండిని అడగొద్దు అనేది ఆయన మొదటి పాఠం. దాన్ని మించింది ఇప్పటికీ నాకు దొరకలేదు.

రెండో పాఠం, అనుమానం వస్తే విప్పి చూడు. మామూలు గేర్‌బాక్సుకు ఇది సరైనదే. పన్ను విరిగితే కంటికి కనబడుతుంది, మార్చి బిగిస్తే బండి నడుస్తుంది. ఉస్తాద్ మీద నాకున్న భక్తి తక్కువది కాదు, అయినా రాస్తున్నాను, ఆ మాట అన్ని బండ్లకూ పనికిరాదు. దాన్ని వేదంలా పట్టుకుని నేను దెబ్బతిన్నాను.

మూడోది పాఠం కాదు, అలవాటు. షాపు గోడకు ఒక మేకు, మేకుకు గోనె సంచి, సంచి నిండా నూలు వేస్టు. మగ్గాల దగ్గర తెగిపడే పోగులన్నమాట. వేరే ఊళ్ళ మెకానిక్‌లు పాత బనియన్లు చింపుకుని చేతులూ సామాన్లూ తుడుచుకునేవాళ్ళు. మాకు కొత్త నూలు, రంగురంగులది, ఊరికే దొరికేది. గుప్పెడు తీసి తుడిచి పారేసేవాళ్ళం. ఆ సంచి మా షాపు దర్జా. నా సంచి ప్రతి వారం మా వెనక షెడ్డు నుంచే నిండేది. ఆ షెడ్డు అంబాదాసన్నది.

అంబాదాసన్న ఎడమ కాలు

అంబాదాసన్నకు ఎనిమిది మగ్గాలు, అన్నీ చద్దర్లు, అంటే మందపాటి దుప్పట్లు, నేసేవి. సొంత షెడ్డు పెట్టుకోక ముందు ఆయన ఇరవై ఏళ్ళు జకార్డు మేస్త్రీ. జకార్డు అంటే మగ్గం నెత్తిన ఉండే యంత్రం. అట్టలకు బెజ్జాలు కొట్టి, దండలాగా గుచ్చి దాని మీద తిప్పుతారు. బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చద్దర్ మీద నెమళ్ళూ పువ్వులూ పుట్టేది అట్లాగే. నేసిన చద్దర్‌ను చూసి ఎన్నో అట్టలో బెజ్జం తప్పిందో చెప్పగలడని ఆయనకు పేరుండేది. దారాలు లెక్కపెట్టే మడత అద్దం ఒకటి ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది.

ఒకసారి నూలు చుట్టిన బీమ్‌ను మగ్గానికి ఎక్కిస్తుంటే జారి ఆయన ఎడమ కాలి మీద పడింది. ఎముక అతికింది గానీ కాలికి బలం రాలేదు. అంతకు ముందు ఆయనకో పాత కారుండేది. సెలవు రోజున ఒక్కడే ఎక్కి తుల్జాపూర్ వైపో అక్కల్‌కోట్ వైపో పోయి వచ్చేవాడు. ఎందుకు పోతావన్నా అంటే, ఎనిమిది మగ్గాల నడుమ ఉన్నోనికి తెలుస్తది అనేవాడు. ఆ కాలితో క్లచ్ తొక్కలేడు గనుక ఆ కారు అమ్మేశాడు. షెడ్డుకు పోవాలంటే ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తుకుపోవాలి. వాళ్ళు ఎత్తినప్పుడు ఆయన కళ్ళు మూసుకునేవాడు. కొన్నాళ్ళకు షెడ్డుకు పోవడమూ మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒక ఏడాది ఆ ఇల్లు ఆయన భార్య నర్సవ్వ వదిన నడిపింది. పొద్దంతా మగ్గాలు చూసుకుని, ఖాళీ దొరికితే బీడీలు చుట్టేది.

అప్పుడు బొంబాయి నూలు వ్యాపారి ఒకాయన క్లచ్ తొక్కనక్కర్లేని కారు గురించి చెప్పాడు. విదేశీ బండి, వేలంలో వచ్చి నలుగురి చేతులు మారింది. పెద్దది, ముసలిది, రంగు వెలిసింది. అది మా సందులోకి వచ్చిన రోజు నర్సవ్వ వదిన గడపలో నిలబడి, ఇంట్లో ఒక ముసలోడు చాలడా, ఇంకోన్ని తెచ్చిండు అంది. అంబాదాసన్న నవ్వాడు. ఆయన నవ్వగా చూసి మాకు ఏడాది దాటింది.

నేను లోపలికి తొంగి చూశాను. రెండే పెడళ్ళు. గేరు ఎవరు మారుస్తారని అడిగాను. అదే మార్చుకుంటది, కూసో అన్నాడు. పక్కన కూర్చున్నాను. కుడి పాదం ఒక్కటే కదులుతోంది. బండి వేగం అందుకుంటుంటే ఎవరో కనబడని మనిషి మెల్లగా మొదటిది తీసి రెండోది, రెండోది తీసి మూడోది వేసినట్టు ఇంజను గొంతు మారింది. ఇన్నేళ్ళు గేర్‌బాక్సులతో బతికినవాణ్ణి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అంబాదాసన్న మళ్ళీ మనిషయ్యాడు. కర్ర పట్టుకుని బండి దాకా నడిచేవాడు. ఆపైన ఎవరి సాయమూ అక్కర్లేదు.

నూనె పుల్ల

ఏడాది తర్వాత బండి జారడం మొదలైంది. అంటే ఇంజను అరుస్తుంది, బండి లాగదు. ఉస్తాద్ నేర్పినట్టే చాయ్ తెప్పించి అడిగాను. అంబాదాసన్న వివరంగానే చెప్పాడు. ఒక్కోసారి ఎత్తు ఎక్కేటప్పుడు, ఒక్కోసారి సాఫు రోడ్డు మీద, ఒక్కోసారి మలుపులో, కొన్ని రోజులు అసలే లేదు. అడగడమైతే అడిగాను గానీ, చెప్పినదాని మీద మనసు పెట్టలేదు. లోపల ఏముందో చూడాలన్న ఆశ అప్పటికే పట్టుకుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు ప్రాణం దాని నూనె. ఎర్రగా, పలచగా ఉంటుంది. దాని మట్టం చూడటానికి ఇంజన్ నూనెకు ఉన్నట్టే ఒక పుల్ల ఉంటుంది. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, పుల్ల తీసి చూశాను. ఇంజన్ నూనె అట్లాగే కదా చూస్తాం. గీతకు పైదాకా ఉంది. రంగు బాగుంది, మాడిన వాసన లేదు. నూనె నిండుగా ఉంది గనుక రోగం లోపలే అని తేల్చుకున్నాను. అనుమానం వస్తే విప్పు.

లోపల

కింద పళ్ళెం విప్పి, దాని పైనున్న అల్యూమినియం దిమ్మను దించాను. వాల్వ్ బాడీ అంటారు దాన్ని. బల్ల మీద పెట్టి రెండు పలకలూ విడదీసిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. లోహంలో ముగ్గు వేసి ఉంది. సన్నని కాలువలు, మలుపులు, ఎక్కడో కలిసి ఎక్కడో విడిపోయే దారులు. దారుల్లో చిటికెన వేలంత వాల్వులు, వెంట్రుకల్లాంటి స్ప్రింగులు, మిరియాల గింజలంత ఉక్కు గోళీలు. పొద్దున విప్పినవాణ్ణి మధ్యాహ్నం దాకా తిండి మరిచి దాని ముందే కూర్చున్నాను.

మెల్లమెల్లగా అర్థమైంది. ఒక వాల్వు ఉంది. దానికి ఒక పక్క నుంచి చక్రాల వేగం నూనెతో తోస్తుంది. ఇంకో పక్క నుంచి డ్రైవరు పాదం తోస్తుంది. ఎవరి తోపు గెలిస్తే వాల్వు అటు జరుగుతుంది, గేరు మారుతుంది. తీగ లేదు, కరెంటు లేదు. నూనె తనంతట తనే బేరీజు వేసుకుంటుంది. ఇది గీసినవాడు ఎవరో, ఏ దేశంవాడో, వాడి చేతులకు దండం పెట్టాలనిపించింది. నాకు గుడికి పోయే అలవాటు తక్కువ. ఆ రోజు నాలో కలిగింది మాత్రం భక్తే.

ఏ గోళీ ఎక్కడిదో బల్ల మీద సుద్దతో గీసుకున్నాను. ఒక్కటీ తప్పలేదు, ఆ గర్వం నాకుంది. అన్నిటినీ పెట్రోలులో కడిగాను. కడిగి, గోడకున్న సంచిలోంచి గుప్పెళ్ళకొద్దీ నూలు వేస్టు తీసి, ప్రతి వాల్వునూ ప్రతి కాలువనూ తళతళలాడేలా తుడిచాను. మళ్ళీ బిగించి, బొంబాయి నుంచి తెప్పించిన కొత్త ఎర్రనూనె పుల్ల గీత దాకా పోశాను.

నా తీర్పు

అంబాదాసన్న బండి తీశాడు. మొదటి గేరు పడింది, రెండోది పడింది. మూడోది పడలేదు. హోట్గి రోడ్డు మీద ఎంత దూరం పోయినా ఇంజను రెండో గేరులోనే గొంతు చించుకుంది. జారడమూ తగ్గలేదు. ముందు జారినా మూడోది పడేది, ఇప్పుడు అసలు లేనే లేదు.

రెండు వారాలు కుస్తీ పట్టాను. చివరికి లోపల క్లచ్ పలకలు మాడిపోయి ఉంటాయని, వాటి సామాను ఈ దేశంలో దొరకదని, గేర్‌బాక్సు చచ్చిపోయిందని చెప్పేశాను. ఈ మాట ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెలియనప్పుడే మనిషి గొంతు గట్టిపడుతుందని నా అనుభవం. అంబాదాసన్న పాతసామాను కొనేవాణ్ణి పిలిపించమన్నాడు. మగ్గాల సెలవు మర్నాడు వచ్చి బండి తీసుకుపోతానని వాడు చెప్పాడు.

సెలవుకు ముందు రోజు నర్సవ్వ వదిన షాపుకు వచ్చింది. ఎప్పుడూ నవ్వించకుండా వెళ్ళని మనిషి, ఆ రోజు నిలబడే మాట్లాడింది.

"బండి పోతే పోనీ రాజేశం, ఇనుమే గద. గాయన మల్ల గోడదిక్కు తిరిగి పండుకుండు నిన్నటి సంది. పోయినసారి ఏడాదికి లేసిండు. ఈసారి లేస్తడో లేవడో."

తల వంచుకుని నిలబడ్డాను. ఆమె వెళ్ళిపోయింది.

తిరిగే తప్పు, నిలిచిన తప్పు

సెలవు రోజు పొద్దున పేట అంతా నిశ్శబ్దంగా ఉంది. కర్ర చప్పుడు వినబడి తలెత్తితే అంబాదాసన్న. బండి పోయేలోపు ఒకసారి ఆ గేర్లు మార్చేది ఏందో చూపెట్టు, అన్ని రోజులు నా పని చేసింది, మొఖమన్న చూడాలె గద అన్నాడు. స్టూలు వేశాను. కూర్చుని, అది ఎట్లా పనిచేస్తుందని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. ఒక పక్క చక్రం, ఒక పక్క పాదం, నడుమ నూనె, బెజ్జాలు.

ఆయన కళ్ళు వెలిగాయి. "అరే, ఇది మా జకార్డే గదరా. మాకు బెజ్జం అట్టకు, దీనికి ఇనుముకు. మాకు పోగు లేస్తది, దీనికి నూనె లేస్తది."

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న అంతకు ముందు నన్నెవరూ అడగలేదు. నాకు నేనైనా వేసుకోవలసింది. తప్పు ఒకే తావున వస్తోందా, తిరుగుతోందా అన్నాడు. ముందు తిరిగేది, ఇప్పుడు ఎప్పుడూ మూడో గేరు దగ్గరే అని చెప్పాను.

"అట్లయితే ఒక్క తప్పు కాదు, రెండున్నయి. తిరిగే తప్పు నూలుది. నిలిచిన తప్పు అట్టది. చద్దర్ల పువ్వు ఒక్కొక్కసారి ఒక్కో తావున ఖరాబైతే నూలు చూడాలె. ప్రతి చద్దర్ల అదే ఆకు పోతే బెజ్జం చూడాలె. మొదటి తప్పు బండితోని వచ్చింది. రెండోది ఎప్పుడొచ్చింది?"

తప్పించుకునే మాట ఒకటి నాలుక దాకా వచ్చింది. పాత బండి, ఏదో ఒకటి పోతూనే ఉంటుందన్నా అనొచ్చు. ఆయన నమ్మేవాడు కూడా. కానీ ఆయన చూపు నా మీద లేదు, బండి మీద ఉంది. ఆ చూపు ముందు అబద్ధం ఆడలేకపోయాను.

"నేను విప్పినంకనే అన్నా," అన్నాను.

ఆయన తల ఊపి, ఆ దిమ్మ తీయమన్నాడు. గంటలో మళ్ళీ దించాను. మూడో గేరు వాల్వును వేలితో తోస్తే సగం దూరంలో ఆగింది. బలంగా లాగి బయటికి తీశాను. కంటికి ఏమీ కనబడలేదు. అంబాదాసన్న జేబులోంచి మడత అద్దం తీసి, విప్పి, వాల్వు మీద పెట్టి కన్ను ఆనించాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అద్దం నాకిచ్చాడు.

వాల్వు మెడకు ఒక పోగు చుట్టుకుని ఉంది. వెంట్రుకలో సగం కూడా లేదు. ఆకుపచ్చ పోగు.

"హిర్వ రంగు," అన్నాడు అంబాదాసన్న. "నా షెడ్డుల నెల సంది అదే రంగు నడుస్తున్నది. ఇది నా చద్దర్ పోగే రాజేశం."

ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మీసాలు కాలవా అంటారు. మా పేట నూలు, మా దర్జా సంచి, మెత్తగా ఉంటుందని, శుభ్రంగా ఉంటుందని నేను తుడవడానికి వాడిన నూలు. నూలుకు నూగు రాలుతుందని సాలె ఇంట్లో పుట్టి నేను మరిచిపోయాను. వెంట్రుకవాసి తేడా వచ్చినా జరగని వాల్వు దగ్గర అది చాలు. ఆయన బండిని ఆయన పోగే ఆపింది. ఆపించింది నేను.

ఆయన తిడితే బాగుండుననిపించింది. ఆయన మాత్రం ఆ వాల్వును వెలుగుకు పట్టి తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇంత బండి ఒక్క పోగుకు ఆగిందా అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, అబ్బురం ఉంది. ఆయన ఇరవై ఏళ్ళు జకార్డు కింద నిలబడ్డ మనిషి. ఒక్క పోగు తప్పితే పువ్వంతా పోతుందని ఎరిగినవాడు. పోగు నాదే గద, నిన్నేమంటా అన్నాడు చివరికి. పోగు నీదేనన్నా, చెయ్యి నాది అన్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆ వాక్యం పైకి అనడం నేర్చుకోవాలి. నాకు ముప్పై ఐదేళ్ళు పట్టింది.

నైలాన్ చీర

మళ్ళీ కడగాలి, కానీ దేనితో తుడవాలి? పేటలో ఏ ఇంట్లో వెతికినా నూలే. నర్సవ్వ వదిన చాయ్ తెచ్చి విషయం వింది. వెళ్ళి ఒక పాత నైలాన్ చీర తెచ్చి స్టూలు మీద పడేసింది. ఆ రోజుల్లో నైలాన్ చీర కట్టని ఆడది లేదు, సాలెవాళ్ళ ఇళ్ళల్లో కూడా. దీనికి నూగు లేదు, గీగు లేదు, చెమట కూడ పీల్చదు దరిద్రపుది, తీస్కో అంది. ఆమె మళ్ళీ హాస్యమాడిందంటే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఆ చీర ముక్కలతోనే ప్రతి కాలువా తుడిచాను. సైకిల్ పంపుతో గాలి కొట్టాను. దించిన నూనెను కూడా ఆ చీర మడతల్లోనే వడగట్టాను. అడుగున ఆకుపచ్చ పోగులు ఇంకో నాలుగు మిగిలాయి. అంబాదాసన్న అద్దంతో ఒక్కొక్క బెజ్జమూ చూసి, సరే అన్నాకే ఆ వాల్వు లోపలికి పోయింది. దిమ్మ బిగించి, వడగట్టిన నూనె మళ్ళీ గీత దాకా పోశాను.

నిలిచిన తప్పు అయిపోయింది. తిరిగే తప్పు మిగిలింది. నూలుది అన్నాడు ఆయన, అంటే ఇక్కడ నూనెది. కానీ పుల్ల నిండుగా చూపిస్తోంది కదా. ఆ పుల్లను నైలాన్‌తో తుడుస్తుంటే గీత పక్కన ఏవో గరుకుగా తగిలాయి. అద్దం అడిగి పెట్టి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, నువ్వు గింజలో సగమంత. ఏడో తరగతి చదువుతో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. వేడిగా ఉన్నప్పుడు చూడుము, ఇంజను నడుస్తూ ఉండవలెను.

ఇన్నాళ్ళూ నా చేతిలో ఉన్న పుల్ల మీదే రాసి ఉంది. ఇంజను ఆగితే పైనున్న నూనె కిందికి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. నడుస్తుంటేనే నిజం తెలుస్తుంది. ఇంజను తిప్పి, వేడెక్కనిచ్చి, గేరు కడ్డీని ఒకసారి అన్ని గుర్తుల మీదకూ జరిపి తీసుకొచ్చి, పుల్ల తీశాను. గీతకు చాలా కిందుంది. బండి కింద దూరి వెతికితే రేడియేటర్ వైపు పోయే సన్న గొట్టం జాయింటు దగ్గర చెమ్మ తగిలింది. రోజుకో చుక్క కారుతూ వచ్చింది. మొదటి రోజే ఆ జాయింటు బిగించి, కాస్త నూనె పోసి ఉంటే చాయ్ చల్లారేలోపు అయిపోయే పని.

తర్వాత నేను చూసిన ఆటోమేటిక్ బండ్లు తక్కువే, తొంభైల్లో కొన్ని వచ్చాయి. ఒక్కటీ ముందుగా విప్పలేదు. నూనె మట్టం ఇంజను నడిపించి చూశాను. రంగు చూశాను, వాసన చూశాను. గోధుమరంగు తిరిగి మాడు వాసన వస్తే పలకలు కాలుతున్నట్టు, పాలు కలిపినట్టుంటే నీళ్ళు చేరినట్టు. ఒక డాక్టరు గారి బండి గేరు మారినప్పుడల్లా తన్నేది. బయటున్న రబ్బరు గొట్టం పగిలింది, అంతే. తప్పు తిరుగుతోందా, నిలిచిందా అని అడగకుండా మాత్రం దేన్నీ ముట్టలేదు. ఆ ప్రశ్న నాకు నేర్పింది ఉస్తాద్ కాదు. ఒక సాలె మేస్త్రీ.

హోట్గి రోడ్డు

జాయింటు బిగించి, తగ్గిన నూనె పోశాను; సాయంత్రానికి ఇంకా ఎండ ఉండగానే బండి సిద్ధమైంది. అంబాదాసన్న కర్రను వెనక సీట్లో పడేసి కూర్చున్నాడు. నేను పక్కన. గడపలో నర్సవ్వ వదిన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు గానీ చేతులు ఆగాయి.

ఊళ్ళో మొదటిది, రెండోది. జారడం లేదు. హోట్గి రోడ్డు ఎక్కాక ఆయన పాదం కొంచెం నొక్కాడు. ఇంజను గొంతు పెరిగింది. పెరుగుతూనే ఉంది. ఆయన పాదం ఒక్క పిసరు ఎత్తాడు. లోపల ఎక్కడో, ఆ ముగ్గులో, నూనె అటూ ఇటూ బేరీజు వేసుకుని తీర్పు చెప్పింది. ఇంజను మెత్తగా గొంతు దించింది. మూడోది పడింది.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఎందుకని అడిగితే చెప్పలేను. రిపేరు అయినందుకు కాదు. అంత గొప్ప పని అంత మెల్లగా, ఎవరికీ చెప్పకుండా జరిగినందుకు కావచ్చు.

ఇంకొంత దూరం పోయాక అంబాదాసన్న బండి పక్కకు తీసి ఆపాడు.

"దిగు రాజేశం," అన్నాడు.

"ఏమైందన్నా?"

"ఏం కాలే. ఒక్కన్నే పోయొస్త."

దిగాను. తలుపు వేశాను. బండి కదిలింది. రోడ్డు పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని విన్నాను. మొదటిది. రెండోది. కాసేపు ఏమీ లేదు. దూరంగా, సన్నగా, మూడోది.

ఆయన తిరిగొచ్చేదాకా అక్కడే ఉండి ఎక్కుదామనుకున్నాను. అంతలో అనిపించింది, నన్ను ఎక్కించుకోవాలంటే ఆయన మళ్ళీ ఒకరి కోసం ఆగాలి. నేను పేట వైపు నడక మొదలుపెట్టాను.